పంతొమ్మిదో గడి, ఇరవై ఏడో గడి

జనవరి 4, శనివారం

రాస్తున్నవారు: ఎర్నెస్ట్, పరిపాలనాధికారి, హంఫ్రీస్ మిషన్ ఆసుపత్రి, అబిడ్స్. చదవవలసినవారు: పైన పేర్కొన్నవారే. ప్రతులు: లేవు.

ముప్ఫై ఏళ్ళుగా నేను రాసిన ప్రతి కాగితానికీ ఎక్కడో ఒక చోట ఒక నకలు దాఖలై ఉంది. నా రక్తపోటు చూసిన డాక్టరు, లోపల అణుచుకున్నది ఎక్కడైనా రాసి పారేయమన్నాడు. ఆ సలహా మేరకు, నకలు లేని ఈ మొదటి కాగితాన్ని నాకు నేనే సమర్పించుకుంటున్నాను.

ఉన్నత శస్త్రచికిత్సా శిక్షణల గుర్తింపు మండలి నుంచి ఇవాళ లేఖ వచ్చింది. మా చేతి శస్త్రచికిత్స ఫెలోషిప్‌కు రెండేళ్ళ కిందట ఇచ్చిన తాత్కాలిక గుర్తింపు మార్చి 31తో ముగుస్తుంది. ఈలోగా తనిఖీ జరిగి పూర్తి గుర్తింపు రాకపోతే, ఆ రెండేళ్ళలో ఇక్కడ జరిగినదాన్ని శిక్షణగా పరిగణించరు. మరి దేనిగా పరిగణిస్తారో లేఖలో లేదు.

ఆ రెండేళ్ళలో ఇక్కడ శిక్షణ పొందినది ఒకే ఒక్కరు, డాక్టర్ డోర్కాస్. మెదక్ అమ్మాయి. సర్జన్‌గా పట్టా ఉండి, చేయి పని ప్రత్యేకంగా నేర్చుకోవాలని వచ్చింది. ఫెలోషిప్‌లో చేరడానికి వయోపరిమితి ముప్ఫై నాలుగు. ఆమెకు మొన్న నవంబరులో అది దాటింది. అంటే ఈ ధ్రువపత్రం రాకపోతే మరో చోట మళ్ళీ మొదలుపెట్టే అర్హత ఆమెకు లేదు. మా ట్రస్టు తీర్మానం ఇంకా సూటిగా ఉంది: పెద్ద డాక్టరు వామన్‌రావు గారి తరువాత చేతి విభాగం నడిపే అర్హత గల సర్జన్ లేకపోతే ఆ విభాగం మూసివేయబడును.

లేఖతోపాటు నలభై ఆరు పేజీల దరఖాస్తు ఉంది. దాన్ని వామన్‌రావు గారికి చూపించాను. ఆయనకు అరవై ఎనిమిది. ముప్ఫై ఐదేళ్ళ కిందట ఈ విభాగాన్ని పెట్టింది ఆయనే. శిక్షణకు డైరెక్టరూ ఆయనే.

"నలభై ఆరు పేజీలా? మనిషి చెయ్యి గురించి నాకు తెల్సినదంతా రాసినా గిన్ని కావు గద, ఎర్నెస్ట్ సాబ్."

టీ తాగి వెళ్ళారు. ఈమధ్య ఆయన టీ సగం కప్పే పోయించుకుంటున్నారు. ఆరోగ్య కారణాల వల్ల కావచ్చు.


జనవరి 7, మంగళవారం

మండలి కార్యాలయం నాంపల్లిలో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. మా ఆసుపత్రి డాబా మీద నిలబడితే వాళ్ళ కిటికీలో ఆరేసిన తువ్వాలు కనిపిస్తుంది. నడిస్తే పన్నెండు నిమిషాలు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు జనం కమ్ముకునే రోజులు కనుక ఇవాళ ఇరవై ఐదు పట్టింది. దరఖాస్తును స్వహస్తాలతో మోసుకువెళ్ళాను. సూపరింటెండెంట్ వెంకటనర్సయ్య దాన్ని ముట్టుకోలేదు.

"గిట్ల చేతికి తీస్కోం సార్. రిజిస్టర్డ్ పోస్టుల రావాలె."

"ఇక్కడిదాకా తెచ్చాను కదండీ."

"తెచ్చిన్రు. నాకెరుకే. గని ఫైలుకు ఎరుకుండాలె గద."

మాట్లాడుతూనే ఆయన కుడిచేతి ఉంగరపు వేలిని ఎడమచేత్తో పట్టుకుని లాగాడు. మడతపడి ఉన్న వేలు టక్కుమని తెరుచుకుంది. నాకే నొప్పి పుట్టింది.

"ఏమైంది వేలికి?"

"ఏం లేదు సార్. పొద్దుపొద్దున గిట్ల ముడుసుకుంటది. మల్ల నేనే తీస్త."

"మా దగ్గర చూపించుకోండి. చిన్న పని, పది నిమిషాలు."

"మీకింక గుర్తింపు రాలె గద సార్," అన్నాడు, ఏ భావమూ లేకుండా.


జనవరి 8, బుధవారం

అబిడ్స్ జి.పి.ఓ.లో రిజిస్టరు చేశాను. కౌంటరులో ఆమె చిరునామా చదివి, నన్ను చూసి, "నడ్సుకుంట పోయి ఇస్తే అయిపోవు గద సార్," అంది. ఏకీభవించాను.


జనవరి 17, శుక్రవారం

పన్నెండు నిమిషాల దూరాన్ని దరఖాస్తు ఆరు రోజుల్లో పూర్తిచేసింది. పద్నాలుగు కొర్రీలతో ఇవాళ తిరిగి వచ్చింది. పేజీ సంఖ్యలు నీలిసిరాతో వేశామట. నల్లసిరాతో వేయాలట. గదుల వైశాల్యం అడుగులలో ఇచ్చాము, మీటర్లలో ఇవ్వాలి. ఫెలోల గదిలో కనీసం నాలుగు కుర్చీలు ఉండాలి. మాకు ఒకే ఫెలో ఉన్నదని వివరణ రాయబోయి, వివరణ రాస్తే మరో కొర్రీ వస్తుందని గ్రహించి, మూడు కుర్చీలు తెప్పించాను.

డాక్టర్ డోర్కాస్ వాటిని చుట్టూ తిరిగి చూసింది.

"ఏ రోజు ఏ కుర్చీల కూర్చోవాలో రోస్టర్ వెయ్యండి సర్. మల్ల ఇన్‌స్పెక్షన్‌ల అడుగుతరు."

ఆమె వేళాకోళం చేస్తోందని తెలుసు. రోస్టరు ముసాయిదా సిద్ధం చేసి ఉంచాను. అడిగితే?


జనవరి 21, మంగళవారం

రెండు గడులు మిగిలాయి.

పంతొమ్మిదో గడి: శిక్షణ కాలంలో ఫెలో ప్రధాన సర్జన్‌గా స్వయంగా చేసిన ఆపరేషన్లు. కనీసం వంద. ఇరవై ఏడో గడి: గత రెండేళ్ళలో డైరెక్టరు ప్రధాన సర్జన్‌గా స్వయంగా చేసినవి. కనీసం అరవై. ఆధారం: థియేటర్ రిజిస్టరు.

రిజిస్టరు తెప్పించాను. రెండేళ్ళలో చేతి ఆపరేషన్లు 231. ప్రధాన సర్జన్ గడిలో 231 సార్లు డాక్టర్ వామన్‌రావు. సహాయకుల గడిలో 231 సార్లు డాక్టర్ డోర్కాస్. అంటే ఆమె స్వయంగా చేసినవి సున్నా.

రిజిస్టరు రాసేది థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్ సుగుణమణి. ఈమె నా భార్య కూడా. అయితే ఆ హోదాలో ఆమెకు మెమోలు జారీచేయను. సాయంత్రం క్వార్టర్స్‌లో గోంగూర తుంచుతుండగా మౌఖికంగా విచారించాను.

"రిజిస్టర్‌లో అన్నీ పెద్ద డాక్టరు పేరే ఎందుకున్నాయి?"

"పద్ధతి గదండి. యూనిట్ పెద్ద పేరే రాయాలె."

"కత్తి ఎవరు పట్టినా?"

"ఎవరు పట్టినా."

"అసలు ఎవరు పెట్టారీ పద్ధతి?"

ఆమె తుంచడం ఆపి నావైపు చూసింది. చాలాసేపే చూసింది.

"సర్క్యులర్ ఉండె గదండి."

"ఎవరి సర్క్యులర్?"

"ఆఫీసుది," అని మళ్ళీ కాడలు తుంచసాగింది. అంతకుమించి వివరాలు ఇవ్వలేదు.


జనవరి 22, బుధవారం

సర్క్యులర్ కోసం పాత ఫైళ్ళన్నీ వెతికించాను. దొరకలేదు. బాధ్యత గల ఏ అధికారీ అటువంటిది జారీ చేసి ఉండడు.


జనవరి 24, శుక్రవారం

డాక్టర్ డోర్కాస్‌ను పిలిచి పరిస్థితి వివరించాను. రిజిస్టరును ఆమె ఎన్నడూ తెరిచి చూడలేదట. రాయడం సిస్టర్ల పని అనుకుందట. పంతొమ్మిదో గడి కింద నా వేలు ఉన్న చోటనే ఆమె చూపు ఆగిపోయింది.

"సున్నానా సర్?"

"రికార్డు ప్రకారం."

"మరి రెండేండ్లు నేనేం చేసినట్టు?"

"సహాయం."

ఆమె లేచి వెళ్ళిపోయింది. రాజీనామా తెస్తుందనుకున్నాను. ఒక లావుపాటి నోట్‌బుక్ తెచ్చి నా బల్ల మీద వేసింది. పేజీకొక ఆపరేషన్, ఆమె గీసిన చేయి బొమ్మ, తెగిన చోట ఎర్ర గీత, కుట్టిన తీరు. ప్రతి పేజీ అడుగున ఎవరిదో ఒక రాత. చివరిసారి కట్టు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు, బాగైన ఆ చేత్తోనే ఏదైనా రాయమని రోగికి ఇస్తుందట. కొందరు తెలుగులో పేరు రాశారు, కొందరు ఉర్దూలో. వేలిముద్రలున్నాయి. ఎవరో చిన్నపిల్ల చిలకను గీసింది. కోఠీ ప్రెస్సు కార్మికుడొకడు తన పేరును అచ్చు అక్షరాలంత చక్కగా రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

"ఇది వ్యక్తిగత పుస్తకం. సాక్ష్యంగా చెల్లదు," అన్నాను.

"అయితే ఏది చెల్లుతది సర్? సార్ నా పక్కన నిలబడతరు, చెప్తరు. చేసేది నేనే. ఆయన చెయ్యి సంగతి మీకు తెల్వదా?"

చేతి విషయం నేటి సమావేశం ఎజెండాలో లేదని చెప్పాను.


జనవరి 25, శనివారం

చేతి విషయం.

వామన్‌రావు గారి కుడిచేయి వణుకుతుంది. ఏడాదిన్నరగా. ఆసుపత్రిలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. థియేటర్‌లో ఆయన నిలబడి చూస్తారు, నోటితో నేర్పుతారు, కత్తి పట్టరు. మొదటి ఆరు నెలలూ ఆయన ఉపకరణం పట్టి చూపించేవారు, చేసేది ఆ అమ్మాయే. ఆ తరువాత చూపించడమూ మానేశారు. సగం కప్పు టీకి కారణం ఆరోగ్య నియమం కాదు. నిండు కప్పు తొణుకుతుంది.

నమోదు చేయడమైనది.


జనవరి 29, బుధవారం

సమస్యను క్లుప్తంగా నాకు నేనే నివేదించుకుంటున్నాను. పంతొమ్మిదో గడిలో నిజం రాస్తే డోర్కాస్‌కు 231 వస్తాయి. అప్పుడు ఇరవై ఏడో గడిలో డైరెక్టరుకు సున్నా వస్తుంది. డైరెక్టరు లేని శిక్షణకు గుర్తింపు లేదు. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాస్తే డైరెక్టరు నిలుస్తాడు, ఫెలో రాలిపోతుంది. ఫెలో స్వయంగా ఏమీ చేయని శిక్షణకూ గుర్తింపు లేదు.

'సంయుక్త ప్రధాన సర్జన్' అనే హోదా ఒకటి సృష్టించి మండలికి ఫోన్ చేశాను.

"గట్లాంటి గడి లేదు సార్," అన్నాడు వెంకటనర్సయ్య.

"కొత్తగా చేర్చవచ్చా?"

"చేర్చొచ్చు. కమిటీ వెయ్యాలె. కమిటీ వెయ్యనీకె ఇంకో కమిటీ ఉంటది. గా కమిటీ అధ్యక్షుడు రిటైరైండు."


ఫిబ్రవరి 1, శనివారం

దరఖాస్తు పంపించాను. పంతొమ్మిదో గడి: 231. ఇరవై ఏడో గడి: 231. మొత్తం ఆపరేషన్లు: 231.

రెండు అంకెలూ విడివిడిగా సమర్థనీయమైనవే. ఒకటి వాస్తవం ప్రకారం, మరొకటి రికార్డు ప్రకారం. వాటిని పక్కపక్కన పెట్టి కూడవలసిన అవసరం ఎవరికీ కలగదని భావిస్తున్నాను. మధ్యలో ఎనిమిది గడుల దూరం ఉంది.


ఫిబ్రవరి 11, మంగళవారం

తనిఖీ జరిగింది.

తనిఖీ అధికారి డాక్టర్ రామచంద్రమూర్తి, విశ్రాంత ప్రొఫెసర్, రాజమండ్రి వైపు మనిషి. పదింటికి రావలసినవారు నుమాయిష్ రద్దీలో చిక్కుకుని, గాంధీభవన్ దగ్గర కారు వదిలేసి, చెప్పులకు దుమ్ముతో పదకొండున్నరకు నడిచి వచ్చారు. వస్తూనే కుర్చీలు చూపించమన్నారు. నాలుగింటిలోనూ స్వయంగా కూర్చుని చూశారు. మూడోది కొద్దిగా ఊగుతోందని రాసుకున్నారు. మంటలార్పే పరికరం మీద తేదీ చూశారు. గ్రంథాలయంలో బీరువా తాళం తీయించి, మళ్ళీ వేయించారు. రోస్టరు అడగలేదు.

తరువాత కళ్ళజోడు పెట్టుకుని దరఖాస్తు తెరిచారు.

"ఎర్నెస్ట్ గారూ, ఇక్కడ రెండువందల ముప్ఫై ఒకటి. ఇక్కడా రెండువందల ముప్ఫై ఒకటి. మొత్తం కూడా అంతే. ఇదెలాగండీ?"

"విడివిడిగా రెండూ సరైనవేనండి."

"కలిపితే ఎందుకు చెడుతున్నాయంటారు?"

ఆయన దరఖాస్తు మూశారు.

"పోనీలెండి. ఇవాళ ఏదైనా ఆపరేషన్ ఉందా? డైరెక్టరు గారు చేస్తుంటే చూసి వెళ్తాను. కాగితం కంటే అదే నయం."

ఉంది. నుమాయిష్ గేటు దగ్గర చెరకు రసం బండి నడిపే మనిషి. చెయ్యి యంత్రంలో పడి రెండు వేళ్ళను వంచే స్నాయువులు తెగాయి. చేతికి మాత్రమే మత్తు ఇస్తారు. కుట్టు సరిగ్గా పడిందా లేదా తెలియాలంటే మధ్యలో రోగి వేళ్ళు ముడిచి చూపించాలి కనుక అతడు మెలకువగానే ఉంటాడు. అధికారికి తోడుగా నేనూ టోపీ, ముసుగు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాను.

వామన్‌రావు గారు ఎప్పటిలాగే పూర్తి సమయం తీసుకుని చేతులు కడుక్కున్నారు. సుగుణమణి గ్లవ్స్ తొడిగింది. ఆయన వచ్చి బల్లకు సహాయకుల వైపు నిలబడ్డారు.

"డోర్కాస్, షురూ చెయ్ అమ్మా."

"వామన్‌రావు గారూ," అన్నారు రామచంద్రమూర్తి, "ప్రధాన సర్జన్ మీరు కదండీ. రికార్డులో మీరే ఉన్నారు."

ఆ అమ్మాయి ఏదో అనబోయింది. ఆయన తల అడ్డంగా ఆడించి, తన కుడిచేతిని దీపం కిందికి చాపారు. గ్లవ్స్‌లో కూడా వణుకు స్పష్టంగా ఉంది. ఆకుపచ్చ గుడ్డ మీద నీడ ఇంకా ఎక్కువగా వణికింది.

"చూడున్రి సార్. ఏడాదిన్నర సంది గిట్లనే ఉంది. కత్తి పెట్టమంటే పెడ్త. గని నన్ను గాదు, గాయన్ని అడుగున్రి."

గుడ్డ తెర అవతల నుంచి చెరకు రసం మనిషి గొంతు వచ్చింది.

"నన్నేంది సార్ అడిగేది? ఎవలు కుట్టినా మంచిదే. ఊగే చెయ్యి మాత్రం వద్దు. ఊగే మిషన్లనే గద నా ఏళ్ళు పోయినయి."

మొదట నవ్వింది వామన్‌రావు గారే.

"అయిపోయింది సార్ మీ ఇన్‌స్పెక్షన్. గీయన చేసేసిండు."

తరువాత గంటా పది నిమిషాలు ఆ అమ్మాయి పని చేసింది. ఆయన మాటలే ఆమెకు సాయం. "జర లోపట్కి. ఆఁ. గుంజకు. దారం దానంతటదే పోతది, పోనియ్." చివరికి ఆమె, "అన్నా, వేళ్ళు ముడువు," అంది. రెండు వేళ్ళూ మెల్లగా ముడుచుకున్నాయి. రామచంద్రమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని ఏదో రాసుకున్నారు. కుర్చీ గురించి కాదనుకుంటాను.

బయటికి వచ్చాక ఒకే ప్రశ్న అడిగారు.

"ఎవరు చేసినా ఒకరి పేరే రాయమన్నది ఎవరండీ?"

సుగుణమణి రిజిస్టరు తెచ్చి అట్ట తెరిచింది. లోపలి వైపున పసుపుబారిన కాగితం అతికించి ఉంది.

'రోగుల బంధువుల నుండి ఫిర్యాదులకు తావు లేకుండుటకై, ఇకమీదట శస్త్రచికిత్స ఎవరు చేసినప్పటికిని, ప్రధాన సర్జన్ గడియందు యూనిట్ అధిపతి పేరునే విధిగా నమోదు చేయవలెనని ఇందుమూలముగా తెలియజేయడమైనది.'

తేదీ 2009. పెద్ద డాక్టరు చేయలేదని ఎవరో జహీరాబాద్ నుంచి వచ్చినాయన ఆఫీసులో కేకలు వేసిన సంవత్సరం. భాష పటిష్ఠంగా ఉంది. సంతకం నాది.

"రిజిస్టర్ మారినప్పుడల్లా పాతదాంట్లకెల్లి తీసి కొత్తదాంట్ల అతికిచ్చిన," అంది నా భార్య, అధికారితో. "విధిగా అని ఉండె గద సార్."


ఫిబ్రవరి 12, బుధవారం

రాయవలసినది లేదు.


ఫిబ్రవరి 13, గురువారం

సవరణ. జనవరి 21న రిజిస్టరును నేను మొదటి అట్ట నుంచే తెరిచాను. సర్క్యులర్ చూశాను. సంతకం గుర్తుపట్టాను. ఆనాటి నమోదులోంచి ఈ వాక్యాలు పడిపోయాయి. జనవరి 22న ఫైళ్ళు వెతికించినది నిజమే. అందులో ఉండదని తెలిసే వెతికించాను.

ఎవరూ చదవని కాగితంలో కూడా ఎందుకు విడిచిపెట్టానన్నది పరిశీలనలో ఉంది.


ఫిబ్రవరి 19, బుధవారం

నాలుగు రోజుల కిందట మండలికి లేఖ రాశాను. పదహారేళ్ళుగా ఈ ఆసుపత్రి రిజిస్టరు తప్పు చెప్పినది నా ఉత్తర్వు వల్లనే. రెండు గడులలో ఒకే అంకె వేసినది నేనే. ఆపరేషన్లు చేసినది డాక్టర్ డోర్కాస్. సాక్ష్యంగా ఆమె నోట్‌బుక్ జతచేస్తున్నాను. ముసాయిదా సుగుణమణికి చదివి వినిపించాను.

"మొదటిసారి అర్థమయ్యేటట్టు రాసిన్రు," అంది.

నోట్‌బుక్ ప్రతి పేజీ మీద గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ కావాలని వెంకటనర్సయ్య ఫోన్‌లో చెప్పాడు. వామన్‌రావు గారి పాత విద్యార్థి, ప్రభుత్వ వైద్య కళాశాల ప్రొఫెసరు ఒకాయన వచ్చి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని 231 పేజీలకూ ముద్ర వేశాడు. చిలక దగ్గర కాసేపు ఆగి, ముద్ర దాని తోక మీద పడకుండా పక్కకు వేశాడు.

పుస్తకం ఇస్తూ ఆ అమ్మాయి వెంటనే వదల్లేదు.

"వాపస్ వస్తదా సర్?"

వస్తుందని అధికారికంగా హామీ ఇచ్చాను. నా అధికారిక హామీల విలువ ఆమెకిప్పుడు తెలుసు. అయినా ఇచ్చింది.


మార్చి 6, గురువారం

ఫైలు సమావేశంలో ఉందట.


మార్చి 13, గురువారం

సమావేశం ఫైలులో ఉందట.


మార్చి 20, గురువారం

నాపై తగిన చర్య తీసుకోవలసిందిగా ట్రస్టుకు నేనే సిఫారసు పంపాను. అది పరిపాలనాధికారి పరిశీలనకు పంపబడి ఇవాళ నాకే అందింది.


మార్చి 29, శనివారం

ఉత్తర్వు వచ్చింది. వామన్‌రావు గారి గదిలో, డోర్కాస్ సమక్షంలో నేనే చదివాను. సారాంశం ఇక్కడ దాఖలు చేస్తున్నాను. ఒక్క పదం కూడా నేను చేర్చలేదు. అవసరం రాలేదు.

డాక్టర్ డోర్కాస్ 231 ఆపరేషన్లు ప్రధాన సర్జన్‌గా స్వయంగా చేసినట్టు మండలి సంతృప్తి చెందినది. రెండువందలు మించి స్వయంగా చేసినవారు, ధ్రువపత్రం లేకున్నా, సమానార్హత నిబంధన కింద శిక్షణ డైరెక్టరుగా ఉండుటకు అర్హులు. కావున ఏప్రిల్ 1 నుండి ఆమె డైరెక్టరుగా ఈ శిక్షణకు పూర్తి గుర్తింపు, ఏటా ఒక సీటు మంజూరు చేయడమైనది.

ఆ అమ్మాయి ముఖం వెలిగింది. నేను పేజీ తిప్పాను.

అయితే గత రెండేళ్ళలో ఆపరేషన్లు చేసే డైరెక్టరు లేనందున, ఆ కాలంలో సదరు ఆసుపత్రిలో శిక్షణ జరిగినట్టు భావించజాలము. డాక్టర్ డోర్కాస్‌కు ఫెలోషిప్ ధ్రువపత్రం ఇచ్చుటకు వీలులేదు. ఆమె కోరినచో, వయోపరిమితికి లోబడి, గుర్తింపు పొందిన ఏదైనా శిక్షణలో చేరవచ్చును. ప్రస్తుతం రాష్ట్రంలో ఈ విషయంలో గుర్తింపు పొందిన శిక్షణ ఒక్కటే. దాని డైరెక్టరు: డాక్టర్ డోర్కాస్.



"అంటే నేర్పొచ్చు," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "నేర్చుకోలేదు."

"అధికారికంగా," అన్నాను.

"నా స్టూడెంట్‌కు సర్టిఫికెట్ వస్తది. దాని మీద సంతకం నాది. నాకు మాత్రం లేదు."

"నాకూ లేదమ్మా," అన్నారు వామన్‌రావు గారు. "నేను నేర్సుకునేనాడు గీ మండలే లేకుండె. గా నిబంధన కిందనే నన్నూ కూసోబెట్టిన్రు."

"మీకప్పుడు నేర్పెటోళ్ళే లేకుండె సార్. నాకు ఉన్నరు. లేరని రాసిన్రు."

ఆయన టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు తిరిగారు. ఆమె లేచి, చెరకు రసం మనిషి వేళ్ళు చూడాలని చెప్పి ఓపీకి వెళ్ళింది. విభాగం నిలిచింది. నేను ఎవరినీ అభినందించలేదు.

అప్పీలు ముసాయిదా మొదలుపెట్టాను. పేజీ సంఖ్యలు నల్లసిరాతో.


ఏప్రిల్ 2, బుధవారం

పదిన్నరకు వెంకటనర్సయ్య వచ్చాడు. కుడిచేతి ఉంగరపు వేలు ముడుచుకునే ఉంది. ఇప్పుడు లాగినా రావడం లేదట. ఎడమచేతిలో గుడ్డసంచి.

"గుర్తింపు వచ్చింది గద సార్. అందుకే వచ్చిన."

సంచిలోంచి నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టాడు.

"పోస్టుల వెయ్యమన్నరు. పోతదేమోనని చేతికే తెచ్చిన. ఎవలకు చెప్పకున్రి."

ఎవరికీ చెప్పడం లేదు. ఇక్కడ రాస్తున్నాను.

"చేసేది ఎవలు సార్?"

"డాక్టర్ డోర్కాస్."

"ఆమెకు సర్టిఫికెట్ లేదు గద."

"లేదు. ఆ ఉత్తర్వు మీ ఆఫీసు నుంచే వచ్చింది."

"నేను టైపు చేసిన గంతే," అన్నాడు. కాసేపు వేలిని చూసుకున్నాడు. "ఫైలుకు ఎరుకనే గని, వేలుకు ఎరుక లేదు గద సార్ గా సంగతి."

పది నిమిషాలు పట్టింది. వేలు ముడిచి, చాపి, మళ్ళీ ముడిచి చూసుకున్నాడు. కట్టు విప్పే రోజున నోట్‌బుక్‌లో ఏదో ఒకటి రాయాలని ఆమె చెబితే, "పెన్ను నీలిదా నల్లదా అమ్మా?" అని అడిగాడు.

2009 నాటి కాగితాన్ని పొద్దున నేనే రిజిస్టరు అట్ట నుంచి తీశాను. గట్టిగా అతికించి ఉండడంతో సగం చిరిగింది. దాని స్థానంలో కొత్త సర్క్యులర్ పెట్టాను: ఎవరి చేయి చేసిందో వారి పేరు రాయాలి. ఒక్క వాక్యమే. 'ఇందుమూలముగా' లేదు.

థియేటర్ నుంచి రిజిస్టరు నా బల్ల మీదకు వచ్చింది. ప్రధాన సర్జన్ గడిలో డాక్టర్ డోర్కాస్ తన పేరు తానే రాసుకుంది, అక్షరాలు కొంచెం పెద్దవిగా. పక్కనున్న సహాయకుల గడిలో, సుగుణమణి ఇవ్వకపోయినా, వామన్‌రావు గారు పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టారట. ముప్ఫై ఐదేళ్ళలో ఆ గడిలో ఆయన పేరు ఇదే మొదలు.

సంతకం చదవడానికి వీలుగా లేదు. ఆయనదేనని ధ్రువీకరిస్తున్నాను.